బంగిమే: ఒక భాషకు చుట్టాలు లేరని ఎప్పుడు చెప్పొచ్చు?

మాలీ దేశం నడిమధ్యన బండియగరా కొండచరియ ఉంది. ఇసుకరాయి గోడ కట్టినట్టు దాదాపు 150 కిలోమీటర్లు సాగుతుంది. డోగాన్ ప్రజల ఊళ్లకు అది పెట్టింది పేరు. 1989లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు కూడా ఎక్కింది. ఆ చరియకు పడమటి అంచున, లోయల్లో ఏడు ఊళ్లున్నాయి: బూనూ, బారా, నియానా, డోరో, దిగారీ, దువే, ద్యేనీ. ఆ ఊళ్లలో సుమారు మూడున్నర వేలమంది మాట్లాడే భాష బంగిమే. మాట్లాడేవాళ్లు తమను తాము బంగండే అని చెప్పుకుంటారు. దాగి ఉన్నవాళ్లు అని ఆ మాటకు అర్థం. పేరు చివరి ‘-ండే’ బహువచన ప్రత్యయం, భాష పేరు చివరి ‘-మే’ చిన్నతనాన్ని సూచించే అల్పార్థక ప్రత్యయం. ఈ భాషలో ధారాళంగా వాడుకలో ఉన్న ప్రత్యయాలు దాదాపు ఈ రెండే. ఆ సంగతి ముందుముందు అక్కరకొస్తుంది.

బంగండేలను అడిగితే మేమూ డోగాన్‌లమే, మాదీ డోగాన్ భాషే అంటారు. తక్కిన డోగాన్‌లు మాత్రం వాళ్లు మావాళ్లు కారంటారు. భాషాశాస్త్రజ్ఞులు మనుషుల మాట ఎలా ఉన్నా ఈ భాషకు డోగాన్ భాషలతో రక్తసంబంధం కనిపించడం లేదంటున్నారు. అంతటితో ఆగక, ఇంకే కుటుంబంతోనూ ఇంతవరకు చుట్టరికం తేలలేదంటున్నారు.

ఇలాంటి భాషల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘వర్గీకరణ జరగని భాష’, ‘ఏకాకి భాష’ అన్న రెండు మాటలను కలిపేస్తుంటారు. వాటి మధ్య చాలా దూరం ఉంది. మొదటిది సమాచారం చాలక తీర్పు వాయిదా పడిన కేసు. ఘనాలో నల్ల వోల్టా, తెల్ల వోల్టా నదులు కలిసేచోటికి దగ్గరలో ఒకప్పుడు మాట్లాడిన మ్ప్రే భాష అలాంటిది. 1931లో అచ్చయిన డెబ్బై మాటల జాబితా ఒక్కటే దానికి ఆధారం. ఇప్పుడు ఆ భాష మాట్లాడేవాళ్లు లేరు. డెబ్బై మాటలతో ఎవరు ఏం చెప్పినా అది ఊహే. రెండోది సమాచారం చాలినంత ఉండి, వెతకాల్సిన చోటల్లా వెతికి, చుట్టాలు దొరకలేదని తేల్చిన కేసు. బంగిమే మొదటి గదిలోంచి రెండో గదిలోకి మారింది గత ఇరవై ఏళ్లలోనే. భాష అప్పుడూ ఇప్పుడూ అదే. మారింది దాని మీద జరిగిన పని. ఆ పనిలో ఏముంటుందో, ఎక్కడ కాలు జారుతుందో చూస్తే, ‘ఏకాకి’ అనే ముద్ర విలువెంతో తెలుస్తుంది.

జాబితాలో ఒక పేరుగా

1963లో అమెరికన్ భాషావేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ ఆఫ్రికా భాషలన్నిటినీ నాలుగు పెద్ద కుటుంబాల్లో సర్దాడు. డోగాన్‌ను నైజర్-కాంగో కుటుంబంలో గుర్ శాఖ కింద పెట్టాడు. అప్పటికి డోగాన్ అంటే ఒకే భాష, దానికి బోలెడు మాండలికాలు అన్న అభిప్రాయం ఉండేది. తరువాత తేలిందేమిటంటే, అవి ఒకరిది ఒకరికి అర్థం కాని ఇరవై దాకా భాషలు. గుర్ శాఖలోనూ ఇమడవు. నైజర్-కాంగోలోనే ఒక విడి కొమ్మగా వాటిని ఇప్పుడు చూపుతున్నారు, అదీ కొంత తటపటాయింపుతోనే. బంగిమే ఈ గుంపులో చాలాకాలం మరో మాండలికంగా కాలం వెళ్లదీసింది. మాట్లాడేవాళ్లే డోగాన్ అన్నారు, ఊళ్లు డోగాన్ ఊళ్ల పక్కనే ఉన్నాయి. ఇక అనుమానం ఎందుకొస్తుంది?

2005లో బ్రిటిష్ భాషావేత్త రోజర్ బ్లెంచ్ అక్కడి మాటలు సేకరించి, ఇది ఏకాకి భాష కావచ్చని మొదటిసారి ప్రతిపాదించాడు. డచ్ భాషావేత్త స్తెఫాన్ ఎల్డర్స్ లోతైన పని మొదలుపెట్టి, 2007లో మాలీలోనే కన్నుమూశాడు. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హీత్ డోగాన్ భాషలన్నిటినీ వరసపెట్టి నమోదు చేస్తున్న ప్రాజెక్టులో భాగంగా ఆబీ హాంట్‌గన్ ఈ భాషను చేపట్టింది. ఆమె పరిశోధన గ్రంథం 2013లో ఇండియానా విశ్వవిద్యాలయంలో పూర్తయింది. హీత్, హాంట్‌గన్ కలిసి రాసిన సమగ్ర వ్యాకరణం 2018లో వచ్చింది. ‘ఏకాకి’ అన్న మాటకు బరువు వచ్చింది ఈ వ్యాకరణంతోనే. అంతకు ముందు వరకు అది మంచి అనుమానం మాత్రమే.

మాట పట్టుకోవడం

పని మాటల జాబితాతో మొదలవుతుంది. భాషావేత్త స్వాదేష్ పేరుతో చెలామణీ అయ్యే 100 మాటల జాబితా, 207 మాటల జాబితా అందరూ వాడేవే: కన్ను, చెవి, పన్ను, నీళ్లు, నిప్పు, రాయి, తిను, చచ్చు, నేను, నువ్వు లాంటివి. ప్రతి సంస్కృతిలోనూ ఉండి, అరువుకు అంత సులువుగా దొరకని మాటలని వీటిని ఎంచారు. వినడానికి తేలికే. రెండు మూడు పూటల్లో ముగించవచ్చనిపిస్తుంది. తప్పులు పుట్టేదీ ఇక్కడే.

తెలుగు తెలియని ఒకాయన తెలుగు మాటలు సేకరిస్తున్నాడనుకుందాం. నోరు తెరిచి పళ్ల వరస చూపించి ఇదేమిటని అడిగాడు. ‘పళ్లు’ అన్నారు. సాయంత్రం సంతలో అరటిగెల చూపించాడు. మళ్లీ ‘పళ్లు’ అన్నారు. తెలుగువాళ్లకు పంటికీ పండుకూ ఒకే మాట అని రాసుకుని వెళ్లిపోతాడు. ఏకవచనం అడిగి ఉంటే ‘పన్ను’ వేరు, ‘పండు’ వేరు అని తేలేది. తెలంగాణలో రెంటికీ ‘పండ్లు’ అనేవాళ్లుంటారు, అక్కడా ఇదే చిక్కు. ఆ కాగితాన్నే తమిళంతో పోల్చేవాడికి ‘పల్’ (పన్ను), ‘పళం’ (పండు) అన్న రెండు వేర్వేరు మాటలకు ఎదురుగా ఒక్క ‘పళ్లు’ కనిపిస్తుంది. పోలిక అక్కడే చెడింది. అందుకే ప్రతి నామవాచకాన్నీ ఏకవచనంలో, బహువచనంలో, ‘నా’ చేర్చి, ఒక సంఖ్య చేర్చి, ఇలా నాలుగు రకాలుగా అడగాలి. శరీర భాగాలను ‘నా చెయ్యి’, ‘నీ చెయ్యి’ అని తప్ప విడిగా పలకని భాషలు చాలా ఉన్నాయి. అలాంటిచోట ‘చెయ్యి’ అని రాసుకున్నది నిజానికి ‘నా చెయ్యి’ అవుతుంది, జాబితాలో పది మాటలు ఒకే అక్షరంతో మొదలై లేని ఉపసర్గను సృష్టిస్తాయి.

బంగిమేలో ఇంకో చిక్కుంది. అనునాసికం, దాని వెంట స్పర్శాక్షరం (న్ద, మ్బ లాంటివి) కలిసి వచ్చినచోట ఉచ్చారణ నిలకడగా ఉండదు. ‘ముగించు’ అనే క్రియ ఒక నోట బుందా, ఇంకో నోట బురా (ర ముక్కుతో పలుకుతుంది), మరో నోట ఒట్టి బున్. ‘నములు’ అనేది తంబా, తవా (వ ముక్కుతో), తమా. ఒకే మనిషి ఒకే పూటలో రెండు రకాలుగా పలికినా ఆశ్చర్యం లేదు. ఒక పరిశోధకుడు బున్ అని, ఇంకొకడు బుందా అని రాసుకుంటే, రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టినవాడు ఇవి రెండు మాటలనుకుంటాడు. పొరుగు భాషలో ‘బు’తో మొదలయ్యే ఏదో ఒక చిన్న క్రియ దొరికితే బున్‌ను పట్టుకుని చుట్టరికం కలిపేయడమూ తేలికే. ఒక్కో మాటను కనీసం మూడుసార్లు, వాక్యంలో ఒకసారి, వేర్వేరు ఊళ్లకు చెందిన వేర్వేరు వయసులవాళ్ల నోట రికార్డు చేసేది అందుకే. ఏడు ఊళ్ల ఉచ్చారణలో తేడాలు చిరాకు పెట్టేవే అయినా, పాత రూపం ఏదో కనిపెట్టడానికి ఏకాకి భాషలో మిగిలే దారుల్లో అదొకటి. తోబుట్టువులు లేని భాషను దాని మాండలికాలతోనే పోల్చుకోవాలి.

స్వరాల సంగతి వేరే. బంగిమేలో ఏడు అచ్చులు. ఒక్కోటి హ్రస్వం, దీర్ఘం, ఆ రెండింటికీ ముక్కుతో పలికే జతలు, మొత్తం 28. పైగా ఇది స్థాయి భాష: గొంతు ఎత్తు మారితే మాట మారుతుంది. ఎత్తు, పల్లం, కింది నుంచి పైకి లేచేది అని మూడు స్థాయిలు. ‘బంగిమే’ అని తెలుగులో రాయడం కూడా సర్దుబాటే. బం పల్లంలో, గి ఎత్తులో, మే మళ్లీ పల్లంలో పలకాలి. చివరి ఏకారం నోరు కాస్త ఎక్కువ తెరిచి పలికే రకం, దానికి మన లిపిలో వేరే గుర్తు లేదు. ‘ంగ’ మాత్రం బంగారంలోని ‘ంగ’ లాగే. స్థాయి రాయని పాత జాబితాలు పోలికకు సగమే పనికొస్తాయి. విడిగా పలికించిన మాటలో స్థాయి తేలకపోతే, ఒకే వాక్యపు చట్రంలో, మారని రెండు మాటల నడుమ పెట్టి పలికిస్తారు. చుట్టూ స్థాయి స్థిరంగా ఉంటుంది కాబట్టి నడుమది ఎత్తో పల్లమో చెవికి తేటగా తెలుస్తుంది. ఈల వేసి చూపమని అడగడం కూడా పాత ఉపాయమే. హల్లులు, అచ్చులు రాలిపోయి స్థాయి ఒక్కటే మిగులుతుంది.

అరువు సొమ్ము తీసేయడం

మన వ్యాకర్తలు మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం అని వేరుచేసే పద్ధతి తెలుగు చదువుకున్న అందరికీ తెలుసు. భాషల చుట్టరికం వెతికేవాడు చేసేదీ అదే వడపోత. ఫర్వాలేదనిపించే పోలికలన్నీ ముందు తత్సమ తద్భవాల బుట్టలోకి వెళతాయేమో చూడాలి. దేశ్యంగా మిగిలినవాటితోనే అసలు పోలిక. 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని చూపించింది ఈ దారినే. సంస్కృత పదాలు తెలుగులో ఎన్నున్నా, ధాతువుల పట్టీలు పక్కపక్కన పెడితే తెలుగు ధాతువులు తమిళ కన్నడాల వైపు నిలబడ్డాయి.

బంగిమే చుట్టూ అరువిచ్చేవాళ్లు తక్కువేం లేరు. పశువుల కాపరులైన ఫులానీల భాష ఫుల్‌ఫుల్దే ఆ ప్రాంతమంతటా అందరి నడుమా నడిచే భాష. చుట్టూ డోగాన్ భాషలు, నైజర్ నది మీద చేపలు పట్టే బోజోల భాష, ఉత్తరాన సొంఘాయ్, దేశమంతా వ్యాపించిన బంబారా, బడుల్లో ఆఫీసుల్లో ఫ్రెంచ్. వీటిలో కొన్ని అరబ్బీ మాటలను కూడా మోసుకొచ్చాయి. ఫుల్‌ఫుల్దేలో సోమవారం అల్తినే, బుధవారం అలర్బా. వారాల పేర్లు అరబ్బీవి, ఇస్లాంతో వచ్చినవి. పశ్చిమాఫ్రికాలో ఏ భాషలోనైనా బుధవారానికి అలాంటి మాట దొరికితే అది చుట్టరికానికి సాక్ష్యం కాదు, సంతకు సాక్ష్యం.

అరువును గుర్తుపట్టడానికి మూడు నాలుగు పరీక్షలున్నాయి. మాట ఏ భాషలో విడగొట్టడానికి వీలవుతుందో ఆ భాష దాతగా ఉండే అవకాశం ఎక్కువ. ‘తాసిల్దారు’లోని ‘దారు’ తెలుగులో ఏమీ చెప్పదు, పారశీకంలో చెబుతుంది. మాట విన్న చోటల్లా, సంబంధం లేని అయిదారు భాషల్లో, దాదాపు ఒకే రూపంలో కనిపిస్తే అది ఊరూరా తిరిగే మాట అనుకోవాలి. ఒకే కుటుంబపు వారసత్వమైతే వేల ఏళ్లలో ఒక్కో భాషలో ఒక్కో రకంగా అరిగి ఉండేది. ఇక అర్థాన్ని చూడాలి: పంట, పనిముట్టు, పశువు, మతం, సుంకం ఇవన్నీ మాటలు మోసుకొచ్చే బళ్లు. సంఖ్యలను గట్టి సాక్ష్యమని నమ్మేవాళ్లున్నారు, అంత నమ్మకం పనికిరాదు. బేరసారాలున్నచోట అంకెలే ముందు చేతులు మారతాయి. లక్ష, కోటి మనకెక్కడివో చూసుకుంటే చాలు.

బంగిమేలో డోగాన్ మాటలు లేకపోలేదు, కాదనడానికి వీల్లేదు. వందల ఏళ్లు పక్కపక్కన బతికాక ఉండకపోతేనే వింత. తేడా ఎక్కడంటే, తెలుగు నుంచి సంస్కృత పదాలు తీసేస్తే కింద ద్రావిడ పునాది బయటపడుతుంది. బంగిమే నుంచి అరువులన్నీ తీసేస్తే కింద మిగిలే మాటలు ఇంకెవరివీ కావు.

పోలిక ఎప్పుడు సాక్ష్యమవుతుంది

మాటలు ఒకేలా వినిపించడం చుట్టరికం కాదు. ఆస్ట్రేలియా ఈశాన్యాన మ్బాబరం అనే భాషలో కుక్కను ‘డాగ్’ అంటారు. ఇంగ్లీషుకూ దానికీ ఏ సంబంధమూ లేదు, అరువూ కాదు, అచ్చంగా కాకతాళీయం. చుట్టాల మాటలు ఒక్కోసారి అసలు ఒకేలా వినిపించవు కూడా. కావలసింది క్రమం: ఒక భాషలో ఫలానా ధ్వని ఉన్నచోటల్లా రెండో భాషలో ఫలానా ధ్వని రావాలి, మాట తరువాత మాటగా రావాలి.

కన్నడం ‘కివి’, తెలుగు చెవి. కన్నడం ‘కెరె’, తెలుగు చెరువు. కన్నడంలో ఎరుపు ‘కెంపు’, తెలుగులో చెంగలువ, చెందొవల్లోని చెం-. ఇకార ఎకారాల ముందు కన్నడం కకారం నిలుపుకుంది, తెలుగు చకారం చేసుకుంది. నియమం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు, మాట తరువాత మాటలో నిలుస్తుంది, కొత్త మాట ఎలా ఉంటుందో ముందే ఊహించనిస్తుంది. ఇది చుట్టరికం. ‘కివి’, ‘చెవి’ అన్న ఒక్క జత మాత్రమే దొరికి ఉంటే ఎవరూ ఏమీ నిరూపించలేరు. భద్రిరాజు కృష్ణమూర్తి 1961 నాటి తెలుగు క్రియాధాతువుల అధ్యయనం బలమంతా ఇలాంటి నియమాల వరసల్లోనే ఉంది.

బంగిమేను డోగాన్‌తో పోల్చినప్పుడు ఇలాంటి వరసలు కట్టలేకపోయారు. అక్కడొక జత, ఇక్కడొక జత దొరుకుతాయి. నియమంగా మారవు. మారినచోట అవి డోగాన్ నుంచి ఈ మధ్య వచ్చిన అరువులుగా తేలతాయి.

ఇక్కడే లెక్కలో చేసే ఒక పొరపాటును దగ్గరగా చూడాలి. సంబంధం లేని రెండు భాషల్లో ఒక అర్థానికి వాడే మాటలు యాదృచ్ఛికంగా కాస్త పోలి ఉండే అవకాశం, ఉదాహరణకు, నూటికి 3 అనుకుందాం. వంద మాటల జాబితాలో 3 జతలు ఊరికే దొరుకుతాయి. అంతవరకు ప్రమాదం లేదు. కానీ ఎదుట ఇరవై డోగాన్ భాషలున్నాయి. వాటిలో ఏ ఒక్కదానితో కలిసినా చాలు, లెక్కలో వేసుకుందాం అంటే, అవి ఒకదానికొకటి సంబంధం లేనివైన పక్షంలో ఒక్కో అర్థానికి ఏదో ఒక జత దొరికే అవకాశం నూటికి 46 దాకా పోతుంది. డోగాన్ భాషలు పరస్పరం చుట్టాలు కాబట్టి అసలు సంఖ్య అంత ఉండదు. అయినా 3 కంటే చాలా ఎక్కువే ఉంటుంది. దీనికి అర్థాన్ని కూడా సాగదీస్తే, ‘మోకాలు’కు బదులు ‘కాలు’, ‘కాలు’కు బదులు ‘నడుచు’ చాలునంటే, ఏ భాషనైనా దేనికైనా కట్టేయొచ్చు. గ్రీన్‌బర్గ్ వాడిన మూకుమ్మడి పోలిక పద్ధతి మీద వచ్చిన ప్రధానమైన ఆక్షేపణ ఇదే. మందు ఏమిటంటే ఇరవై భాషలతో విడివిడిగా పోల్చకుండా, ముందు ఆ ఇరవైటికీ మూలరూపాలు, అంటే అవి చీలకముందు ఉండిన మాటలు, పునర్నిర్మించి, ఆ ఒక్క జాబితాతో పోల్చడం. పని పదింతలవుతుంది, కానీ తప్పదు.

2022లో హాంట్‌గన్, యోహాన్-మాటిస్ లిస్ట్ ఈ ప్రశ్ననే కంప్యూటర్ సాయంతో మళ్లీ ఎత్తుకున్నారు. బంగిమే మాటలను చుట్టుపక్కల భాషా కుటుంబాల మాటలతో పాటు ఒకే రకమైన లిపిలోకి మార్చి, పోలికలను యంత్రంతో వెతికించి, దొరికినవాటిని మనిషి కళ్లతో వడగట్టారు. ఆ వరసే సరైనది. యంత్రం అలసిపోదు, ఒక జత వైపు మొగ్గదు. కానీ అరువేదో వారసత్వమేదో దానికి తెలియదు. ఈ పనిలోనూ బంగిమేను చుట్టుపక్కల ఏ కుటుంబంలోనైనా చేర్చేంత ఆధారం బయటపడలేదు.

వ్యాకరణం చెప్పేది, చెప్పనిది

మాటలు దొరక్కపోతే వ్యాకరణమైనా కలుస్తుందేమో చూడాలి. డోగాన్ భాషల్లో క్రియ ఎప్పుడూ వాక్యం చివరే, తెలుగులో లాగా. కాలం, కర్త ఎవరన్నది క్రియ తోకకే అంటుకుంటాయి, అదీ తెలుగులో లాగానే. బంగిమే తీరు వేరు. క్రియకు తోకలు లేవు, పనంతా విడిమాటలు, స్థాయి మార్పులు చూసుకుంటాయి. మాటల వరస కూడా కాలాన్ని బట్టి మారుతుంది. జరుగుతున్న పని చెప్పేటప్పుడు కర్త, కర్మ, క్రియ. జరిగిపోయిన పని చెప్పేటప్పుడు కర్త, క్రియ, కర్మ. ‘వాడు అన్నం తింటున్నాడు’ అనేది ఒక వరసలో, ‘వాడు తిన్నాడు అన్నం’ అనేది ఇంకో వరసలో అన్నమాట. తెలుగులో రెండోది ఒక ఒడుపు, బంగిమేలో అది నియమం.

దీన్ని చూసి సంబంధం లేదని తేల్చేయడం మాత్రం తొందరపాటు. వాక్యంలో మాటల వరస పొరుగు నుంచి పొరుగుకు పాకుతుంది. తెలుగు, హిందీ రెండూ క్రియను చివర పెడతాయి, చుట్టాలు కావు. ఇంగ్లీషు, హిందీ చుట్టాలే, వరసలు వేరు. వరస కలవడమూ సాక్ష్యం కాదు, కలవకపోవడమూ కాదు. వ్యాకరణంలో నమ్మదగ్గ సాక్ష్యం రూపం, పని రెండూ కలిసిన చిన్న చిన్న ప్రత్యయాలు, అందులోనూ నియమానికి లొంగని వంకరలు. నైజర్-కాంగోలో అలాంటి గుర్తు నామవాచకాల తరగతులు, అంటే మన లింగాల్లాగా నామవాచకాలను గుంపులుగా విడగొట్టే పద్ధతి. ఫుల్‌ఫుల్దేలో అవి ఇరవైకి పైగా ఉన్నాయి, తరగతికో ప్రత్యయం. బంగిమేలో ఉన్నవి ఆ రెండు ప్రత్యయాలే కాబట్టి పోల్చడానికి చేతికి అందేది ఏమీ లేదు. ఏకాకి అన్న తీర్పులో ఈ లోటు ఎంత, నిజంగా చుట్టాలు లేకపోవడం ఎంత అన్నది ఎప్పుడూ గుర్తుంచుకోవాల్సిన సంగతి. ప్రత్యయాలు అరిగిపోయిన భాషకు చుట్టాలున్నా పట్టుకోవడం కష్టం.

ఈశాన్య నైజీరియాలో జలా అనే భాష దీనికి తలకిందుల ఉదాహరణ. 1990ల మొదట్లో ఉల్రిష్ క్లైన్‌విలింగ్‌హోఫర్ దాన్ని నమోదు చేసేనాటికి కొందరు వృద్ధుల జ్ఞాపకంలో మాత్రమే మిగిలి ఉంది. దాని ధ్వనులు, ప్రత్యయాలు పొరుగు భాష దికాకాను పోలి ఉన్నాయి. మాటలు మాత్రం ఎవరివీ కావు. వ్యాకరణాన్ని చూసినవాడు దికాకా చుట్టమంటాడు, మాటలు చూసినవాడు కాదంటాడు. తమ భాష వదిలి పొరుగు భాషకు మారుతున్నవాళ్ల నోట్లో, పాత మాటలు కొత్త అచ్చులో పోసినట్టు ఇలా జరగడం ఊహించదగ్గదే. బంగిమే అలా కరిగిపోలేదు. మాటలూ కలవవు, వ్యాకరణమూ కలవదు.

కావాలనే దాచిన భాషా?

‘దాగినవాళ్లు’ అన్న పేరు ఒక ఊహకు దారితీసింది. ఒకప్పుడు ఆ ప్రాంతమంతా బానిసల కోసం దాడులు జరిగేవి. చరియలోని ఆ లోయలు తప్పించుకొచ్చినవాళ్లకు ఆశ్రయమై ఉండవచ్చనీ, బయటివాళ్లకు అర్థం కాకుండా ఉండడమే పనిగా బంగిమే నిలిచి ఉండవచ్చనీ హాంట్‌గన్ ప్రతిపాదించింది. గూఢ భాషలు డోగాన్‌లకు కొత్త కాదు. ముసుగుల సంఘంలో చేరిన మగవాళ్లు మాత్రమే నేర్చుకునే సిగి సో అనే గూఢ భాష వాళ్లకుంది.

కానీ గూఢ భాష, పుట్టు భాష నిర్మాణంలో వేరు. పిల్లలు ఆడే క-భాష చూడండి: ‘నేను రాను’ అనడానికి ‘కనేకను కరాకను’ అంటారు. అక్షరానికో ‘క’ తగిలించినా వాక్యం తెలుగే, విభక్తులు తెలుగువే, వ్యతిరేకార్థపు రూపం తెలుగుదే. గూఢ భాష ఎక్కడైనా మాటలను మార్చుతుంది, వ్యాకరణాన్ని ఇంటి భాష నుంచే తెచ్చుకుంటుంది. పుట్టిన పిల్లలు దాన్ని మొదటి భాషగా నేర్చుకోవడమూ ఉండదు. బంగిమే వెనక ఏ ఇంటి భాష వ్యాకరణమూ కనిపించదు, ఇళ్లలో పిల్లలు నేర్చుకుంటున్నారు. గూఢంగా వాడుకున్న మాట నిజమైనా, గూఢంగా కనిపెట్టిన మాట నిజం కాకపోవచ్చు. రెండింటినీ విడదీసి చూస్తేనే ఈ ఊహకు న్యాయం జరుగుతుంది.

బ్లెంచ్ మరో దారి తొక్కాడు. నైలో-సహారా కుటుంబం నుంచి చాలా ముందే చీలి, తరువాత మాయమైన ఒక శాఖ ఉండేదని, దాని ఆనవాళ్లు డోగాన్‌లోనూ బంగిమేలోనూ అడుగున మిగిలాయని 2015లో సూచించాడు. ఆసక్తికరమైన ఊహే. కాకపోతే నైలో-సహారా అనే కుటుంబం ఉందా లేదా అన్నదే ఇంకా వాదంలో ఉంది. తేలని కుటుంబంలో, మిగలని శాఖను సాక్షిగా పిలవడం వల్ల పరీక్షకు నిలిచేదేమీ చేతికి రాదు.

ఇక బంగండేలు తాము డోగాన్‌లమే అనడాన్ని భాషాశాస్త్రం తప్పుపట్టాల్సిన పని లేదు. డోగాన్ అనేది జాతి పేరు, ఇరుగుపొరుగుతనం పేరు, కలిసి బతికిన చరిత్ర పేరు. మన దగ్గర మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ సరిహద్దులో నిహాలీ మాట్లాడేవాళ్ల భాషలో కోర్కూ, మరాఠీ, ద్రావిడ మాటలు బుట్టలకొద్దీ ఉన్నాయి. వాటన్నిటినీ తీసేస్తే మిగిలే మాటలకు మాత్రం చుట్టాలు దొరకలేదు. అక్కడా జనం ఎవరితో కలిసి బతుకుతున్నారో చూసి భాష ఎవరిదో చెప్పడం కుదరదు.

పని ఆగిన చోటు చెప్పాలంటే, 2012 నుంచి మాలీలో సాగుతున్న సంఘర్షణ బండియగరా ప్రాంతాన్నీ చుట్టేసింది. బయటివాళ్లు వెళ్లి ఊళ్లలో నెలల తరబడి ఉండి రికార్డు చేసే రోజులు కావివి. చేతిలో ఉన్నది ఇప్పటికే చేసిన రికార్డులు, ఒక వ్యాకరణం, మాటల పట్టీలు. ఆ ఊళ్లకు వెళ్లకుండానే చేయగలిగిన పెద్ద పని డోగాన్ భాషల మూలరూపాల పునర్నిర్మాణం. అది అయ్యాక బంగిమేలో డోగాన్ మాటల్లా కనిపించేవాటిని మళ్లీ ఒక్కొక్కటే తీసి చూడాలి. ఏ మాట నిన్నటి డోగాన్ రూపంలో ఉందో అది నిన్నటి అరువు. ఏ మాట మూల డోగాన్ రూపానికి దగ్గరగా ఉండి, ఇవాళ్టి పొరుగు ఊళ్లలో ఆ రూపం పోయి ఉంటుందో, అది చాలా పాత పరిచయానికి గుర్తు. అలాంటివి నాలుగైతే పాత అరువులంటారు. నలభై ఉండి, వాటి ధ్వనుల మధ్య కివి–చెవి లాంటి నియమం నిలబడితే, ఏకాకి అన్న ముద్ర తీసేయాల్సి వస్తుంది.